ఎదురుపిలుపు

నలభై మూడో గొంతు దగ్గుతో మొదలైంది. పిలుపుల్ని రెండుగా విడదీసే యంత్రం, విభాజకం, ఆ దగ్గును ఎటు వెయ్యాలో తెలియక వేరుగంపలోకి తోసింది. శేషుకుమారి మొదటినుంచి మళ్లీ వింది. దగ్గు, ఊపిరి, కుర్చీ కిర్రుమన్న చప్పుడు, ఆ తరవాత "ఆపెయ్యాలండీ" అని ఒక్క మాట. ఆమె కుడివైపు మీట నొక్కింది. ఆపమన్నవాళ్ల అంకె ఒకటి పెరిగింది.

నలభై నాలుగో గొంతు నవ్వుతోంది. "తిప్పండి, తిప్పండి! మా ఇంట్లోకే తిప్పండి! మందు కంపు మాకు అలవాటేగా!" విభాజకానికి వెటకారం ఎప్పటికీ అంతుపట్టదు. శేషుకుమారి దీనికీ కుడివైపే నొక్కింది. ఇలాంటివాటి కోసమే ఇంకా ఒక మనిషి చెవి ఉండాలని చట్టంలో రాశారు. ఆ చెవికి ఒక గది, ఒక కుర్చీ, చెవిసాక్షి అన్న హోదా ఇచ్చారు. పధ్నాలుగేళ్లుగా కోనరేవు జిల్లాకు చెవిసాక్షి ఆమే.

పొద్దున ఏడింటికి జిల్లాలో అందరి చెవిపూసల్లోనూ ఆ రోజు ప్రశ్న మోగింది. 'మూడో నంబరు మందుపడవను తిప్పాలా, ఆపాలా?' చెప్పదలుచుకున్నవాళ్లు సాయంత్రం అయిదులోగా పిలిచి చెప్పవచ్చు. అయిదింటికి నిగ్గు తేలుతుంది. తేలిన నిగ్గే ఆజ్ఞ. పూర్వం ఉండే సభలూ సభ్యులూ ఎన్నికలూ శేషుకుమారి చిన్నతనంలోనే పోయాయి. జనం నేరుగా మాట్లాడతారు, నడుమ ఇంకొకరెందుకు అని అప్పట్లో ఊరూరా మైకుల్లో చెప్పారు. ఆ మాట విని వాళ్ల నాన్న చప్పట్లు కొట్టడం ఆమెకు గుర్తుంది.

మందుపడవలో రక్తం కడుగుతారు. సముద్రం లోపలికి పాకి నదీ లంకల్లో బావులన్నీ చెడిపోయాక, అక్కడ మూత్రపిండాలు పాడవని ఇల్లు లేదు. పడవ రోజూ ఆరు లంకలూ తిరుగుతుంది. వంతు ప్రకారం మనుషుల్ని ఎక్కించుకుని, నాలుగేసి గంటలు రక్తం కడిగి, మళ్లీ వాళ్ల గట్టుమీద దింపుతుంది. సాయంత్రానికి పట్నంలో గట్టువీధి రేవుకు చేరి, మురికినీళ్లు గొట్టంలోకి వదిలి ఆగుతుంది. గట్టువీధి ఇళ్లకు ఆ వాసన పడదు. వాళ్ల సంఘం నెలరోజులు పట్టుబట్టి ఈ ప్రశ్న వేయించుకుంది. ఇప్పుడు ఇంటింటికీ తిరిగి పిలిపిస్తోంది.

నలభై అయిదో గొంతు సుబ్బరాజుగారిది. గళముద్ర చూడకుండానే ఆమెకు తెలిసిపోయింది. మాట అస్పష్టంగా ఉన్నప్పుడు, పిలిచిన మనిషి ఇంకా తీగమీద ఉండగానే, చెవిసాక్షి తిరిగి అడగవచ్చు. ఆమె తీగ కలిపింది.

"ఆపాలా, తిప్పాలా అండీ? సరిగ్గా వినపడలేదు."

"నువ్వేనా అమ్మాయ్? ఇవాళ దేని గురించమ్మా?"

"మందుపడవండీ."

"ఆఁ, అదే. ఆపెయ్యాలి."

ఆమె అక్కడితో సరిపెట్టాలి. కాని పధ్నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా ఈయన దేన్నీ ఉండనిమ్మనలేదు. "ఎందుకండీ?" అని అడిగింది.

"ఎందుకంటే ఏం చెప్పను తల్లీ. ఉండనీ అంటే ఒక్క మాటతో అయిపోద్ది. ఆపాలంటే నాలుగు మాటలు తిట్టొచ్చు. ఇది పెట్టేశాక మళ్లీ రేపు పొద్దున్న దాకా ఈ కొంపలో మాటనేది ఉండదు."

ఆమె మీట నొక్కింది. కుడివైపు. రోజూ పిలిచే ఇలాంటి నిత్యగళాలు జిల్లాలో పదకొండు వందల దాకా ఉంటాయి. ప్రశ్న ఏదైనా వాళ్లు తప్పరు.

పన్నెండింటికి పిలుపులు మూడు వేల తొమ్మిది వందలు దాటాయి. నూటికి ఎనభై ఎనిమిది ఆపమన్నాయి. గోడమీద జిల్లా పటంలో ప్రతి పిలుపూ ఒక చుక్కగా వెలుగుతోంది. గట్టువీధి మంట పెట్టినట్టు ఉంది. పట్నంలో మిగతాచోట్ల అక్కడొకటి, ఇక్కడొకటి. నది నడుమ ఆరు లంకలూ నల్లగా ఉన్నాయి. ఆమె దగ్గరకు వెళ్లి చూసింది. ఒక్క చుక్క లేదు.

తీగలు చూసే ఎలీషా అప్పుడే నిచ్చెన పట్టుకుని లోపలికొచ్చాడు. యాభై అయిదేళ్ల మనిషి. ఆయన పెద్దచెల్లెలు ఒక లంకలో కాపురముంటుంది.

"బాబాయ్, పడవ వాళ్లది కదా. ఒక్కరూ పిలవరేం?"

"ఎలా పిలుత్తారమ్మా? ఆళ్ల చెవిపూసలకి మాట మోసే గోపురం గాలివానకి కూలిపోయి రెండేళ్లయింది. చెవిపూసలు పెట్టుకున్నా గాలి హోరే వినపడద్ది."

"మళ్లీ కట్టలేదా?"

ఎలీషా నిచ్చెన గోడకు ఆనించి ఆమె ముఖంలోకి చూశాడు. "కట్టాలా వద్దా అని ప్రశ్న ఏసేరు గదా. నూటికి డెబ్బైతొమ్మిది వద్దన్నాయి. నిగ్గు నువ్వే చెప్పేవు."

"మరి లంకలవాళ్లు..."

"గోపురం లేదు కదమ్మా," అన్నాడు ఎలీషా. ఆయన గొంతులో కోపం లేదు. అది ఉండి ఉంటే ఆమెకు కొంత తేలికగా ఉండేది.

ఆ రోజు ఆమెకు లీలగా గుర్తొచ్చింది. వాన పడుతోంది. పిలుపులు తక్కువ. పని తొందరగా అయిపోయిందని సంతోషపడింది.

ముఖ్యశ్రోత ఉమామహేశ్వరం గారు భోజనానికి కూర్చుంటున్నారు. ఆమెను ఉద్యోగంలో చేర్చుకున్నది ఆయనే. ఆమె తండ్రి పోయినప్పుడు నెలరోజులు ఆ కుర్చీలో తనే కూర్చుని గొంతులు విన్న మనిషి. ఆమె చెప్పిందంతా క్యారేజీ మూత తియ్యకుండా విన్నారు.

"పిలవొద్దని ఎవరన్నారు శేషూ? తలుపులు బార్లా తీసే ఉన్నాయి. పట్నానికి వచ్చి పిలవచ్చు."

"రోజంతా పడవలో గొట్టాలు తగిలించుకుని పడుకునేవాళ్లు ఎలా వస్తారు సార్?"

"వాళ్లు సరే. జిల్లాలో తొమ్మిది లక్షల నలభై వేలమంది పెద్దవాళ్లున్నారు. వాళ్లంతా పడుకునే ఉన్నారా? పట్టింపు ఉన్నవాళ్లు పిలుస్తారు. పిలవలేదంటే అభ్యంతరం లేదనేగా. అయినా నాలుగువేల గొంతులమ్మా! అంతకన్నా ఎంత కావాలి?"

శేషుకుమారి తడుముకుంది. ఆమెకు వాదించడం అలవాటు లేదు, వినడమే అలవాటు. "సార్, రక్తపరీక్షకు అరచుక్క తీస్తారు. ఒళ్లంతా తిరిగే రక్తం గనక అరచుక్కతోనే సంగతి తెలిసిపోతుంది. కాలిమీద పుండు ఉందనుకోండి. దానంతట అదే కారుతున్న రసి బిందెడు పట్టినా పుండు సంగతే తెలుస్తుంది. మనిషి సంగతి తెలీదు. మనం పధ్నాలుగేళ్లుగా రసి పడుతున్నాం."

"అన్నం దగ్గర ఏం మాటలవి," అన్నారాయన. మెల్లగా చెప్పారు. "నువ్వు అనేది నాకు తెలీదనుకోకు. కాని వెళ్లి అడిగితే, అడిగినవాడికి నచ్చేట్టు చెబుతారు. అడగని గొంతే శుద్ధగళం. చట్టం అదీ. మనమే పిలిచి అడిగే ఎదురుపిలుపు నేరం. ఆ మాట నా దగ్గర అనేశావు, బయట అనకు."

ఎదురుపిలుపు గురించి ఆమె ఇంతవరకు అననే లేదు. ఆయనే అన్నారు. గదికి తిరిగొచ్చేసరికి అది తప్ప ఇంకేమీ ఆమె తలలో లేదు.

"బాబాయ్, ఇక్కణ్ణించి బయటికి తీగ కలపగలవా?"

ఎలీషా చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "ఆరు నెలలు లోపలేత్తారు, తెలుసా?"

"తెలుసు."

"నన్ను ఏత్తారా అని అడుగుతున్నా."

"నువ్వు నిచ్చెన ఇక్కడ మర్చిపోయి భోజనానికి వెళ్లావు. ఏ తీగ ఎందులో గుచ్చాలో చెప్పి వెళ్లు, చాలు."

ఆయన చెప్పలేదు. తనే ఎక్కి కలిపాడు. కిందికి దిగి, తలుపు గడియ పెట్టి, బల్లకవతల కూర్చున్నాడు.

మొత్తం జనపట్టీ ఆమె తెర మీదకు వచ్చింది. తొమ్మిది లక్షల నలభై వేల పేర్లు. అయిదుగంటలలోగా నూట ఇరవై మందిని అడగగలదు. ఏడువేల ఎనిమిది వందల ముప్పై మూడు పేర్లకొకటి తియ్యాలి. మొదటి పేరు తను ఎంచుకోకూడదు. తన మనసు ఎటు లాగుతోందో ఆమెకు తెలుసు. గోడమీది కరెంటు మీటరు చివరి నాలుగు అంకెలు చూసింది. నాలుగు వేల రెండు వందల పదహారు. అక్కణ్ణించి మొదలుపెట్టింది.

మొదటివాడు బస్సు మెకానిక్కు. "నేనేం చేశానండీ?" అన్నాడు. ప్రభుత్వం నుంచి మనిషి పిలవడం అతనికి తెలిసి ఇదే మొదలు. ప్రశ్న చెప్పాక ఊపిరి వదిలాడు. "అదా! తిరగనివ్వండి పాపం. మాకేం అడ్డం?"

రెండో పేరు జీడిపప్పు షెడ్డులో పనిచేసే ఆవిడది. చెవిపూసలు గేటు దగ్గర అప్పగించి లోపలికి వెళతారు, పొద్దున ఆరింటినుంచి సాయంత్రం ఆరుదాకా. శేషుకుమారి గేటు మనిషిని పట్టుకుంది. అతను మేస్త్రిని పిలిచాడు. మేస్త్రి ఆవిణ్ణి పిలిచేసరికి పదినిమిషాలు పోయాయి. "ఎవరైనా పోయారా అండీ?" అని అడిగింది ఆవిడ ముందుగా. తరవాత, "పొద్దున్న ప్రశ్నా? మేం ఎప్పుడూ వినలేదండీ అది. తిప్పమని రాసుకోండి."

"ఎత్తనివాళ్లని వదిలేసి పక్కింటోళ్లని అడిగితే తొరగా అయిపోద్ది కదా," అన్నాడు ఎలీషా.

"ఎత్తేవాళ్లతోనే నింపితే మళ్లీ పాత దారే బాబాయ్. ఎత్తేదాకా పిలుద్దాం."

పిల్లకు అన్నం పెడుతూ ఒకావిడ చెప్పింది. ఒక ముసలాయన పడవ అంటే ఏ పడవో మూడుసార్లు అడిగి, తెలీదన్నాడు. "మీకెలా కావాలంటే అలా రాసుకోండి మేడమ్" అన్నవాళ్లూ ఉన్నారు. ఆమె అలా రాసుకోలేదు. గట్టువీధి ఇల్లు ఒకటి తగిలింది. ఆ ఇంటాయన ఆపమనే అన్నాడు గాని, వెంటనే తనే ఎదురు అడిగాడు. "గొట్టాన్ని నది మధ్యకు పొడిగిస్తే మాకు బాధ లేదండీ. పడవ ఆపక్కర్లేదు. దానికి మీట ఏదైనా ఉందా?" లేదని చెప్పింది. "అయితే ఆపమనే వేసుకోండి" అన్నాడాయన విసుగ్గా.

మూడున్నరకు లంకల పేర్లు మిగిలాయి, ఏడు. లంకలకు చెవిపూస అందదు గాని పడవకు వైర్‌లెస్సు ఉంది. పడవలో నర్సు చాలాసేపటికి పలికింది. ఏడుగురిలో ఇద్దరు గట్టుమీద కనిపించారు, ముగ్గుర్ని కేకేసి పిలిపించింది. ఒకాయన వేటకు పోయాడు. ఒకావిడ అక్కడే, పడవలోనే ఉంది. చేతికి గొట్టాలున్నాయి గనక మైకు నర్సే నోటిదగ్గర పెట్టింది.

"మీ పేరు ముత్తాబత్తుల మరియమ్మ గారేనా?"

"ఆయ్. నేనేనండి."

"మీరు ఎక్కిన మందుపడవను తిప్పాలా, ఆపాలా అని జిల్లాను అడిగాం. మీరేమంటారు?"

యంత్రం తిరుగుతున్న చప్పుడు వినిపించింది. "ఆపేత్తారా అండి?"

"ఇంకా తేలలేదు."

"ఆపమని ఎవరండి అంట?"

"పిలిచినవాళ్లు. పట్నంలో."

"ఆళ్లనేం చేసేమండి మేము?"

చెవిసాక్షి అభిప్రాయం చెప్పకూడదు. అలవాటు కొద్దీ, "తిప్పాలా, ఆపాలా?" అని మళ్లీ అడిగింది.

"తిప్పండమ్మా," అంది మరియమ్మ. "అడిగేరు. సంతోషం. నన్నెప్పుడూ ఎవరూ ఏదీ అడగలేదు."

నాలుగూ యాభైకి లెక్క పూర్తయింది. నూట ఇరవైలో ముగ్గురు దొరకలేదు. తొంభై నాలుగుమంది తిప్పమన్నారు. పదకొండుమంది ఆపమన్నారు. పన్నెండుమంది తెలియదన్నారు. గోడమీద అప్పటికి పిలుపులు నాలుగు వేల ఎనిమిది వందల పన్నెండు. ఎనభై తొమ్మిది శాతం ఆపమన్నాయి. ఎలీషా రెండు అంకెలకేసీ మార్చి మార్చి చూశాడు. "ఒకటే జిల్లా," అన్నాడు.

తలుపు దబదబ మోగింది. గడియ తీసేసరికి ఉమామహేశ్వరం గారు. పైకి తీసిన తీగ, నిచ్చెన, తెరమీద జనపట్టీ అన్నీ చూశారు.

"చెరిపెయ్యి. నేనేం చూడలేదు. కూర్చుని మామూలు మాట చెప్పు."

అయిదయింది. మైకు మీద ఎర్రదీపం వెలిగింది. చెవిసాక్షి గొంతు మార్పుల్లేకుండా నేరుగా జిల్లాకంతటికీ వెళుతుంది. అంకె చదివి, చివర 'ఈ దినం జిల్లా పలికింది' అంటేనే నిగ్గు తేలినట్టు. ఆ నాలుగు మాటలూ ఆమె ఇప్పటికి అయిదువేల సార్లు అని ఉంటుంది.

"పిలిచినవాళ్లు నాలుగు వేల ఎనిమిది వందల పన్నెండు మంది," అంది శేషుకుమారి. "వాళ్లలో ఎనభై తొమ్మిది శాతం పడవను ఆపమన్నారు. పిలవనివాళ్లు తొమ్మిది లక్షల ముప్పై అయిదు వేలమంది. మొత్తం జనపట్టీలోంచి చీటీ తీసినట్టు నూట పదిహేడుమందిని నేనే పిలిచి అడిగాను. తొంభై నాలుగుమంది తిప్పమన్నారు. రెండేళ్లకింద లంకల గోపురం వద్దని జిల్లా అన్నదని నేనే మీకు చెప్పాను. ఆ రోజు లంకలవాళ్లు పిలవడానికి లంకల్లో గోపురం లేదు. అది చూడకుండా చెప్పాను. ఇవాళ జిల్లా పలికిందని నేను అనలేను."

దీపం ఆరిపోయింది. గోడమీద నిగ్గు కనిపించవలసిన చోట ఖాళీ మిగిలింది. ఉమామహేశ్వరం గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఖాళీకి మన దగ్గర ఆజ్ఞ లేదు శేషూ," అన్నారు.

ఆ మాట ఎంత నిజమో మర్నాడు తెలిసింది.

పొద్దున ఏడింటి ప్రశ్న ఆమె గురించే. 'చెవిసాక్షి గెద్దాడ శేషుకుమారిని తొలగించాలా, ఉంచాలా?' నిగ్గు చెప్పవలసింది చెవిసాక్షే. తొలగించినట్టు నిగ్గు తేలేదాకా చెవిసాక్షి ఆమే, ఎదురుపిలుపు నేరానికి అప్పటిదాకా ఆమెను లోపల వెయ్యడానికీ లేదు. చట్టం రాసినవాళ్లకు ఇలాంటి రోజు వస్తుందని తోచలేదు. ఇద్దరు కాపలావాళ్లు ఇంటికొచ్చి ఆమెను కుర్చీ దాకా తీసుకొచ్చారు. ఎలీషాను గదిలోకి రానివ్వలేదు.

పది గంటలకే పిలుపులు ముప్పై వేలు దాటాయి. అంత ఎప్పుడూ లేదు. వేరుగంప నిండి పొర్లింది. తిట్లలో ఎక్కువభాగం విభాజకానికి అర్థం కావు. అవన్నీ ఆమె విని, ఇది తొలగించమనే, ఇదీ తొలగించమనే అని మీట నొక్కుతూ పోయింది. "మా గొంతు నొక్కడానికి నువ్వెవతివే?" అంది ఒక ఆడగొంతు. మాట స్పష్టంగానే ఉంది గాని ఏడుస్తూ అనడంతో గంపలో పడింది. ఆమె రెండుసార్లు విని కుడివైపు నొక్కింది.

మధ్యాహ్నం మూడింటికి ఉమామహేశ్వరం గారు లోపలికొచ్చి తలుపు చేరవేశారు.

"పడవ కదల్లేదు," అన్నారు.

ఆమె చెవులమీదున్నవి తీసేసింది. "ఆపమని నిగ్గు తేలలేదుగా?"

"తిప్పమనీ తేలలేదు. ఏ ఆజ్ఞా లేదని రేవు కార్యాలయం నూనె పొయ్యలేదు. ఇవాళ వంతువాళ్లు పొద్దున్నించి గట్టుమీద కూర్చున్నారు. మొన్న గాలివల్ల పడవ తిరగలేదు, వాళ్లకు అప్పటికే ఒక వంతు తప్పింది." ఆయన ఆమెకేసి చూడకుండా చెప్పారు. "ఒక మనిషి పోయాడు శేషూ. యాభై ఏళ్లుంటాయట. గట్టుమీదే."

ఆమె ఆ మనిషి పేరు అడిగింది. ఆయనకు తెలియదు.

"ఒక ఉపాయం ఉంది," అన్నారాయన. "అయిదింటికి నీ తొలగింపు నిగ్గు నువ్వే చెప్పెయ్యి. కొత్త చెవిసాక్షిని నేను వెంటనే కూర్చోబెడతాను. రేపు పడవ ప్రశ్న మళ్లీ వేస్తారు. ఎటైనా ఒక దారి పడుతుంది."

"ఎటు పడుతుందో మీకు తెలుసు సార్."

ఆయన తల దించుకున్నారు.

శేషుకుమారి లేచి అలమారలోంచి నిబంధనల పుస్తకం తీసింది. ఆ పుస్తకాన్ని ఉద్యోగంలో చేరినప్పుడు ఒకసారి చదివింది. నిగ్గు తేలని దినాన ముందరి ఆజ్ఞే నడుస్తుందనీ, అది నడుస్తోందని చెవిసాక్షి చేవ్రాలు చెయ్యాలనీ ఒక చోట ఉంది. పధ్నాలుగేళ్లలో ఎవరికీ అక్కర్లేకపోయిన వాక్యం. నిన్న సాయంత్రం అయిదుంబావుకు చూడవలసిన వాక్యం. నిన్న తను గొప్ప పని చేశానన్న ఊపులో ఇంటికి వెళ్లి పడుకుంది.

కాగితం తీసి రాసింది. 'మూడో నంబరు మందుపడవ తిరగాలి. ముందరి నిగ్గు ప్రకారం.' సంతకం చేసి, కింద చెవిసాక్షి అని రాసింది. అది ఆయన చేతిలో పెట్టింది.

"నేను ఇంకా చెవిసాక్షినే కదా సార్. నన్ను తీసేసినట్టు నేను చెప్పేదాకా."

"చెప్పవా?"

"అరవైవేలమంది పిలిచినా నన్ను తీసెయ్యమని జిల్లా అన్నట్టు కాదు. ఉంచమన్నట్టూ కాదు. నాకు తెలీదు. తెలీందాన్ని తెలుసని ఇంక చెప్పను."

ఆయన ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశారు. చింపుతారేమోనని ఆమె అనుకుంది. కళ్లజోడు తుడుచుకుని, జేబులో పెట్టుకుని, రేవు వైపు మెట్లు దిగి వెళ్లారు.

నాలుగున్నరకు కింద గేటు దగ్గర గోల వినిపించింది. కిటికీలోంచి చూస్తే ఏడుగురు మనుషులు, మోకాళ్లదాకా బురద. తెడ్లపడవ వేసుకుని లంకలనుంచి వచ్చారు. కాపలావాడు వాళ్లకు నచ్చజెబుతున్నాడు. "ఇక్కడ మాట తీసుకోరయ్యా, పిలవాల. చెవిపూసలోంచి పిలవాల." శేషుకుమారి కుర్చీలోంచి లేచింది. బల్లమీది నోటుపుస్తకం తీసుకుని దిగి వెళ్లింది. వెనక నుంచి ఎవరో అయిదు కావస్తోందని కేకేశారు.

ఆమె ఎవరో తెలియగానే ఏడుగురూ మాటలాపారు. వాళ్లలో పెద్దావిడ ముందుకొచ్చింది.

"నువ్వేనా అమ్మా నిన్న మాటాడింది? పడవ వైర్‌లెస్సులో అందరం విన్నాం. చప్పట్లు కొట్టేం." ఆవిడ గొంతు మారిపోయింది. "ఆపమంటే ఆగును. మేం ఏదో దారి చూసుకుందుం. తిప్పమంటే తిరుగును. నువ్వు రెండూ చెప్పలేదు. మా తమ్ముడు పొద్దున్నించీ నీళ్లకేసి చూత్తానే ఉన్నాడు. అదిగో వత్తంది, అదిగో వత్తంది అంటానే ఉన్నాడు."

శేషుకుమారి నిలబడి అంతా వింది. అయిదైంది. ఆ క్షణాన జిల్లాలో అందరి చెవిపూసల్లోనూ ఒక గొంతు పలకాలి. గేటు కాపలావాడు చెవిమీద చెయ్యి వేసుకుని కాసేపు ఆగాడు, పైకి చూశాడు, పూస తీసి చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. రోడ్డుమీద సైకిలుపై పోతున్న మనిషి కూడా కాలు కిందపెట్టి ఆగిపోయాడు. వీధిలో ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు.

రేవు వైపునుంచి పడవ ఇంజను చప్పుడు వినబడింది. ఏడుగురూ అటు తిరిగారు. పెద్దావిడ మాత్రం తిరగలేదు.

"మా మాట రాసుకుంటావా మరి?" అంది. "అది సెప్పడానికే వచ్చేం."

"రాసుకుంటాను," అంది శేషుకుమారి. బురదకాళ్లతో నిలబడ్డ ఏడుగుర్నీ ఒక్కొక్కరినే చూసింది. తెడ్డు వెయ్యగలిగినవాళ్లు, నడవగలిగినవాళ్లు, కోపమొచ్చినవాళ్లు. నోటుపుస్తకంలో కొత్త పేజీ తెరిచి కలం పట్టుకుంది.

"ముందు రానివాళ్ల పేర్లు చెప్పండి."